మత్తిచ్చి మాటలు నేర్పండి

ఆరోగ్య బీమాకు పిల్లాడి నాలుకతో పనిలేదు, ఆసుపత్రి మంచంతోనే పని. మంచం మీద ఏకధాటిగా 24 గంటలు పడుకుంటే అది వైద్యం. స్పీచ్ థెరపిస్టు ఎదుట ముప్పావుగంట కూర్చుని ‘క’ కోసం తంటాలు పడితే అది ఓపీడీ, అంటే అవుట్ పేషెంట్ వ్యవహారం. మామూలు పాలసీకి ఓపీడీ అంటే గిట్టదు.

మా ఎదురింటాయన కొడుక్కి ఐదేళ్లు. కాకిని ‘తాతి’ అంటాడు. వాళ్ల తాతగారు పలకడం మానేసి కొంతకాలమైంది, పిలిచింది తననో కాకినో తేలక. తండ్రి బీమా వాళ్లకు ఫోన్ చేశాడు.

‘బాబు అడ్మిట్ అయ్యాడా సార్?’

‘లేదమ్మా, మాటలు నేర్చుకుంటున్నాడు.’

‘అయితే డే కేర్ కింద చూస్తాం సార్. మత్తు ఇచ్చారాండీ?’

ఆ అమ్మాయి తప్పేమీ లేదు, 24 గంటల్లోపే ముగిసే డే కేర్ చికిత్స నిర్వచనంలోనే మత్తుమందు ఉంది. కనుక ముందు పిల్లాడికి మత్తిచ్చి, ఆ తర్వాత ‘క’ దిద్దించాలి. నిద్రలో కలవరిస్తే ఆ కలవరింత రికార్డు చేసి బిల్లుకు జతచేయాలి.

చట్టం లేదా అంటారేమో. భేషుగ్గా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 వైకల్యాల్లో మాట, భాషలకు సంబంధించినదీ ఒకటి. కాకపోతే అది శాశ్వతమై ఉండాలట, అవయవ లోపమో నాడీ లోపమో కారణం కావాలట. థెరపీ ఇప్పిస్తే మనవాడికి మాట తిరుగుతుంది, అంటే శాశ్వతం కాదు. బాగయ్యే లక్షణాలున్నందుకు పిల్లాడు అనర్హుడు! థెరపీకి సైతం డబ్బిచ్చే నిరామయ పథకం ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. అది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం బిడ్డ. దానికి తెలిసినవి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, అంతే. ‘తాతి’ అందులో లేదు.

పోనీ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాలున్నాయి. మాట ఆలస్యమైన పిల్లల్ని అక్కడ ఉచితంగానే చూస్తారు. ఊరి నుంచి వారం వారం వచ్చే తల్లికి పోయిన కూలి మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

ఎదురింటాయన సెషన్ ఫీజు జేబులోంచే కడుతున్నాడు. పాలసీ రెన్యువల్‌కు గడువు దగ్గరపడిందని కంపెనీ రోజూ ఫోన్ చేస్తోంది, తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో. ఉచ్చారణలో ఎక్కడా దోషం లేదు.