ఆటవెలదికి ఒక సైకిలు (టీకా తాత్పర్య సహితం)

మూలం

ఆ. కడ్డి వంగవలయు కాలు దాటుటకయి
బ్రేకు పట్టవలయు బెల్లుకన్న
వీధి షాపువాని విద్యకే లొంగిన
పాతతీరు బండి పడతి కొనుము

అవతారిక

సాయంత్రం ఎండ తగ్గాక నాలుగు వీధులు తిరగాలనీ, కూరల మార్కెట్టుకూ లైబ్రరీకీ వెళ్లి రావాలనీ, బండి పాతకాలపు పోకడలో ఉండాలనీ, ధర మాత్రం చేతికందాలనీ కోరిన గృహిణికి కవి చేసిన ఉపదేశమిది. శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: సైకిలు. ప్రయోజనం: షికారు. అధికారి: తొందర లేని స్త్రీ. సంబంధం: కొన్నాక అదే కుదురుతుంది. పందేలకు పోయేవారికి ఇక్కడ అధికారం లేదు.

ప్రతిపదార్థం

పడతి = ఓ స్త్రీ! (వయసు చెప్పలేదు కనుక బడిపిల్ల మొదలు బామ్మగారి దాకా అందరికీ చెల్లు); కాలు = పాదము; దాటుటకయి = చీర చెరగు తగులుకోకుండ అవతలికి పోవుటకు; కడ్డి = సీటుకును హ్యాండిలుకును నడుమ నుండు పైపు; వంగవలయు = కిందికి దిగి యుండవలెను; బెల్లుకన్న = గంటకంటె (‘ముందు’ అని అధ్యాహారం); బ్రేకు = చక్రమును నిలుపు సాధనము; పట్టవలయు = రిమ్మును గట్టిగా పట్టుకొనవలెను; వీధి షాపువాని = సందు మొగలో పంచర్లు వేయువాని; విద్యకే = స్పానరు, పంపు, బకెట్టు నీళ్లు అనువానితో సాగు నేర్పునకే; లొంగిన = బాగుపడగల; పాతతీరు = పూర్వపు పోకడ గల; బండి = సైకిలును; కొనుము = బేరమాడి తీసుకొనుము. (‘బేరమాడి’ అన్నది మూలంలో లేదు. తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదని కవి హృదయం.)

తాత్పర్యం

ఎక్కడానికి సులువు, ఆగడానికి భద్రం, బాగుచేయించడానికి చవక అయిన బండినే కొనమ్మా. మిగిలినవన్నీ అలంకారాలు.

విశేషాలు

1. కడ్డి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాక రెండు చక్రాలూ దాదాపు సమానమయ్యాయి, చైను వెనక చక్రాన్ని తిప్పసాగింది. ఎత్తయిన చక్రం నెత్తినెక్కి కూర్చునే రోజులు పోయాకే గౌనులవారి కోసం కడ్డి వంచడం కుదిరింది. వంచితే ఫ్రేములోని త్రికోణం బలం కొంత తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి పైపులు మందం చేస్తారు, బరువు పెరుగుతుంది. షికారుకు ఆ బరువు దోషం కాదు. మూడో అంతస్తుకు మోయాలంటే దోషమే.

ఇక్కడ పూర్వపక్షం: 1990ల ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలాది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చారు. లేడీస్ సైకిళ్లు దొరక్క మగవారి సైకిళ్లు కొన్నారు. ఆపైన ముందు కడ్డి మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని వాటినే మెచ్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. మరి కడ్డి వంగాలని శాసనమెందుకు? సమాధానం: బిడ్డనూ బిందెనూ మోసేవారికి కడ్డి ఉండనీ. ఈ పద్యంలోని పడతి చేతిసంచితో బయల్దేరింది. కనుక విరోధం లేదు.

2. బ్రేకు. ‘బెల్లుతోడ’ అని అమ్మకందార్ల పాఠాంతరం. అది ప్రక్షిప్తం. వారు బెల్లు, అల్లిక బుట్ట, గోధుమరంగు సీటు చూపించి ధర చెబుతారు. కొనేవారు రిమ్ము చూడాలి. మెరిసే ఉక్కు రిమ్ము వానకు తడిస్తే బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది. అల్యూమినియం రిమ్ము తడిలోనూ చాలా మెరుగు. పాత కడ్డీ బ్రేకులు చూడముచ్చటగా ఉంటాయి గాని, వాటికి తగిన రిమ్ము వేరే. బుట్ట వచ్చే నెలయినా కొనవచ్చు.

3. వీధి షాపు. ఇక్కడ శ్లేష ఉంది, అది టైరులో ఉంది. 26 అంగుళాలని రాసిన టైర్లన్నీ ఒకటి కావు. 26×1⅜ టైరు కూర్చునే వ్యాసం 590 మిల్లీమీటర్లు, 26×1.75 టైరుది 559. ఒకదాని రిమ్ముకు మరొకటి ఎక్కదు. కనుక కొనకముందే టైరు మీది అంకె రాసుకుని మీ సందు మొగ షాపులో చూపించి, టైరు, ట్యూబు దొరుకుతాయా అని అడగాలి. దొరకవంటే ఆ బండి ఎంత తక్కువకు వచ్చినా ఖరీదైనదే.

4. పాతతీరు. ‘పాత’ వేరు, ‘పాతతీరు’ వేరు. నిజంగా పాతది కొనేటప్పుడు పెడళ్ల దగ్గర పైపులు కలిసేచోట తుప్పు చూడాలి, చక్రం తిప్పి బెండు చూడాలి, సీటు పైపు కదులుతుందో లేదో చూడాలి. పెడలు తొక్కినప్పుడల్లా టక్కుమంటే పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగిందేమో చూపించాలి. రంగు పోవడం దోషం కాదు, దాంతో బేరం కుదురుతుంది. కొత్తదైతే బీఎస్ఏ లేడీబర్డ్ వంటి గేర్లు లేని బండి చాలు. రసజ్ఞులు గమనింతురు గాక: లేడీబర్డ్ అనే సుకుమార నామానికి ముందున్న బీఎస్ఏ, 1861లో బర్మింగ్‌హామ్ తుపాకులవాళ్లు పెట్టిన సంస్థ పేరు. శృంగారానికి వీరం అంగమైంది.

5. అనుక్తం. కవి చెప్పనివి వ్యాఖ్యాత చెప్పాలి. చైను కవరు నిండుగా, వెనక చక్రానికి చీర గార్డు ఉండాలి. చున్నీ చక్రంలో పడితే పద్యం ఆదుకోదు. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు దాదాపు చాపుకోవాలి, అదే సీటు ఎత్తు. వెనక్కి వంగిన హ్యాండిలుతో నడుము నిటారుగా ఉంటుంది, ఒంటి బరువంతా సీటు మీద పడుతుంది, అందుకే వెడల్పాటి స్ప్రింగు సీటు. కాకినాడ వంటి చదును నేలకు గేర్లు అనవసరం. విశాఖ ఎత్తుపల్లాల్లో ఉండేవారు మూడు గేర్లయినా అడగాలి.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి కొన్నవారికి మోకాలు నొప్పి రాదని హామీ లేదు. డబ్బు మాత్రం చక్రాలకూ బ్రేకులకూ పోతుంది, అలంకారాలకు పోదు. చివరి మాట: కొనే ముందు షాపు నుంచి వీధి చివరి దాకా ఒకసారి తొక్కి చూడండి. తొక్కనివ్వని చోట కొనకండి.