“వీడు ఇంకో సచిన్” : టీకా తాత్పర్య సహితము

మూలము

వీడు ఇంకో సచిన్ అవుతాడు, రాసిపెట్టుకో!

అవతారిక

టెస్టు మ్యాచి రెండవ రోజున ఇరువదియేండ్ల కుర్రవాడొకడు కవర్ డ్రైవుతో ఫోరు కొట్టగా, టీకొట్టు బల్లపై కూర్చున్న ద్రష్ట యొకడు గ్లాసు ప్రక్కన పెట్టి ఈ వాక్యమును పలికెను. కర్త పేరు తెలియదు. ప్రతి ఊరను, ప్రతి తరమునను ఇదే వాక్యము వినబడుచున్నందున ఇది అపౌరుషేయమని కొందరి మతము.

ప్రతిపదార్థము

వీడు = టీవీలో కనబడుచున్న ఈ కుర్రవాడు (ఇచ్చట ఏకవచనము ముద్దు చేత వచ్చినది; వరుసగా రెండు సున్నాలు చుట్టినచో ఇదే పదము తిట్టగును); ఇంకో = మరియొక; సచిన్ = ఇది పేరు కాదు, పదవి; 200 టెస్టులు, 15,921 పరుగులు, 51 శతకములు దీనికి అర్హతలు; అవుతాడు = కాగలడు (గడువు చెప్పలేదు కనుక ఈ క్రియ ఎన్నటికిని అబద్ధము కానేరదు); రాసిపెట్టుకో = వ్రాసి దాచుకొనుము (నిజముగా వ్రాసికొన్నవాడు ఇంతవరకు లేడు; వక్త ధైర్యమునకు అదియే మూలము).

తాత్పర్యము

ఈ కుర్రవాని ఆట బాగున్నది. దానిని అందరికంటె ముందు కనిపెట్టిన నా చూపు ఇంకను బాగున్నది.

పాఠాంతరము

ప్రాచీన ప్రతులలో “ఇంకో గవాస్కర్” అనియు, నవీన ప్రతులలో “ఇంకో కోహ్లీ” అనియు కలదు. అర్థభేదము లేదు.

విశేషములు

తొలినాళ్ళలోనే శతకములు బాదినవాడు మహాబ్యాటర్ అగునని ద్రష్ట చెప్పిన లక్షణము. ఇందు అతివ్యాప్తి దోషము (మహాబ్యాటర్ కానివానికిని లక్షణము పట్టుట) కలదు. వినోద్ కాంబ్లీ 1993లో వరుస టెస్టులలో ఇంగ్లండుపై 224, జింబాబ్వేపై 227 చేసెను. 17 టెస్టులకే, సగటు 54.20 ఉండగానే, 1995లో ఆయన టెస్టు ఆట ముగిసెను. వెస్టిండీసు లారెన్స్ రోవ్ 1972లో తొలి టెస్టుననే 214, 100 నాటౌట్ చేసి, 30 టెస్టులతో సరిపెట్టుకొనెను. పృథ్వీ షా 2018లో రాజ్‌కోట్‌లో 134తో మొదలుపెట్టగా, అయిదు టెస్టులే ఆడగలిగెను.

ఇక అవ్యాప్తి (మహాబ్యాటర్‌కే లక్షణము పట్టకుండుట). శ్రీలంక మర్వన్ అటపట్టు తొలి ఆరు ఇన్నింగ్సులలో చేసినది ఒకే ఒక్క పరుగు. పిమ్మట చేసినవి ఆరు ద్విశతకములు. గ్రాహం గూచ్ 1975లో రెండు సున్నాలతో ఆరంభించి 8,900 పరుగులకు చేరెను. అంతయేల, 1928లో బ్రాడ్‌మన్ తొలి టెస్టున 18, 1 చేయగా తరువాతి టెస్టునకు ఆయనను తప్పించిరి. ఆనాటి టీకొట్టు ద్రష్ట ఏమనెనో ఊహించుకొనవచ్చును.

సిద్ధాంతము

తొలి వైభవము బౌలర్లకు కుర్రవాని గుట్టు తెలియకముందటిది. పిమ్మట వీడియోలు తిరగవేసి, లోపము పట్టి, బంతులన్నియు అచ్చటనే వేయుదురు. కాంబ్లీకి షార్ట్ బంతి, షాకు బ్యాటు ప్యాడుల నడుమ సందు, కోహ్లీకి ఆఫ్‌స్టంపు ఆవల. ఆపై ఏమి చేసెనన్నదే పరీక్ష. కోహ్లీ 2014లో ఇంగ్లండున పది ఇన్నింగ్సులలో 134 పరుగులు చేసెను. 2018లో అదే దేశమున, అదే బౌలర్ ఆండర్సన్ ఎదుట, క్రీజు బయట నిలబడి, ఆవలి బంతులను ఓపికతో వదలి, 593 చేసెను. న్యూజిలాండు మాజీ బ్యాటర్ మార్టిన్ క్రో రాబోవు మేటి బ్యాటర్లుగా కోహ్లీ, స్మిత్, రూట్, విలియమ్సన్ అని నాలుగు పేర్లు చెప్పినది ఆ పది ఇన్నింగ్సుల ఏడుననే. నలుగురును తొమ్మిదివేల టెస్టు పరుగులు దాటిరి. పడినవానిని పడియుండగా చూచి చెప్పుటయే జోస్యము.

శంక: మన హైదరాబాదు అజారుద్దీన్ తొలి మూడు టెస్టులలో మూడు శతకములు చేసి, 99 టెస్టులు ఆడి, 22 శతకములతో నిలువలేదా?

సమాధానము: నిలిచెను. కాని నడుమ ఫామ్ పోయి, 1989 పాకిస్తాన్ పర్యటనలో జహీర్ అబ్బాస్ సలహాపై గ్రిప్పు మార్చుకొనెను. ఆ మణికట్టు దైవదత్తమన్నవారు మార్చిన గ్రిప్పును మరచిరి.

శంక: మరి లక్ష్మణ్?

సమాధానము: 1996లో ప్రవేశము, తొలి శతకము 2000 జనవరిలో సిడ్నీలో. ఓపెనర్‌గా పంపిన కాలమున ఎవడును రాసిపెట్టుకొనలేదు. 2001లో ఈడెన్‌లో 281 చేసిన పిమ్మట అందరును “నేనప్పుడే చెప్పాను” అనిరి.

శంక: విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో మెల్‌బోర్న్‌లో చేసిన 114?

సమాధానము: ఆనాడు వ్యాఖ్యాత కండ్లును తడిసినవి. తడి కండ్లతో లక్షణ పరీక్ష చేయరాదు.

ఇంకొక సూక్ష్మము కలదు. లోపము దిద్దుకొనుటకు ఇన్నింగ్సులు కావలెను. అవి ఇచ్చువారు వేరు. కరుణ్ నాయర్ 2016 డిసెంబరులో చెన్నైలో 303 నాటౌట్ చేసెను. భారతదేశము ఆడిన మరుసటి టెస్టు హైదరాబాదులో. రహానే తిరిగి వచ్చినందున ఆయనకు చోటు లేదు. ఏ జోస్యమునను తుదిజట్టు జాబితా లెక్కకు రాదు.

ఫలశ్రుతి

దీనిని సీరీసునకు ముందు పఠించువాడు పందెమున డబ్బు పోగొట్టుకొనడు. సెలక్టరు పఠించినచో, ఒకే తీరున మూడు మార్లు అవుటైన కుర్రవానికి నాలుగవ ఇన్నింగ్సు దక్కును.