గట్టు మీది మొక్కకూ ఒక షీటు

నేను మొక్కల ప్రెస్సుని. టేకు బద్దలను అడ్డంగా, నిలువుగా పేర్చి మేకులు కొట్టిన రెండు చెక్కలు, వాటిని బిగించడానికి రెండు తోలు పటకాలు. నా ఒళ్లంతా ఇంతే. చెక్కల మధ్య పాత దినపత్రికలు, పత్రికల మడతల్లో మొక్కలు. గుంటూరులో ఒక వడ్రంగి నన్ను చేశాడు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఒక మాస్టారు నన్ను చాలా ఏళ్లు మోశారు. ఆయన రిటైరయ్యాక ఆయన శిష్యురాలి భుజానికెక్కాను. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల దాకా, నల్లరేగడి చేలు దాటి నల్లమల అంచుకు చేరే దారే నా బతుకు.

పత్తి చేల మధ్య డొంకలో మాస్టారు వంగి కూర్చుంటే దారిన పోయే రైతులు ఆగేవారు.

"ఏం వెతుకుతున్నారండీ మాస్టారూ?"

"మొక్కలండీ."

"కలుపేగా! కావలసినంత పీక్కెళ్లండి. మాకు కూలి డబ్బులు మిగుల్తాయి."

ఆ పీకిన మొక్కను ఆయన ఎంత అపురూపంగా పట్టుకునేవారో నాకు తెలుసు. వేరుకు అంటిన రేగడి మట్టిని నీళ్లతో కడిగేవారు. కాగితం మీద పరిచి, ఒక ఆకును మాత్రం తిరగేసి పెట్టేవారు, ఆకు అడుగు నూగు కూడా కనిపించాలని. ఒక పువ్వును విప్పి పరిచేవారు. దుంప ఉంటే నిలువుగా కోసేవారు. పువ్వు రంగు, వాసన, నేల తీరు, ఊరు, తేదీ అప్పటికప్పుడే ఫీల్డ్ పుస్తకంలో రాసేవారు. నా ఒత్తిడికి ఆకారం నిలుస్తుంది గాని రంగు నిలవదు. ముసురు పట్టిన రోజుల్లో చెమ్మ తాగిన కాగితాలు తీసి పొడివి మార్చకపోతే తెల్లారేసరికి బూజు పడుతుంది. ఎంత అలసి వచ్చినా కాగితాలు మార్చాకే ఆయన అన్నం ముందు కూర్చునేవారు.

ఎండిన మొక్కను 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట మీద కుట్టి, కింద చీటీ అంటిస్తే అది హెర్బేరియం షీటు. కొత్త జాతి బయటపడేది అక్కడే. అడవిలో మొక్క కనబడగానే అది కొత్తదని ఎవరూ చెప్పలేరు. ముందు గ్యాంబుల్ మొదలుపెట్టగా ఫిషర్ పూర్తి చేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం తెరుస్తారు. అది 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది. తర్వాత 1997లో వెలువడిన పుల్లయ్యగారి ఆంధ్రప్రదేశ్ సంపుటాలు. వాటిలో ఎక్కడా ఇమడకపోతే కోయంబత్తూరులోని బొటానికల్ సర్వే హెర్బేరియానికి వెళ్లి పాత షీట్ల పక్కన పెట్టి చూడాలి. ఎండిన పువ్వును వేడినీళ్లలో మెత్తబరిచి, సూక్ష్మదర్శిని కింద విప్పి, కేసరాలు, అండాశయం, నూగు ఒక్కొక్కటీ పోల్చాలి. కాయ దొరక్కపోతే మళ్లీ వానాకాలం దాకా ఆగాలి. కొత్తదనుకున్నది పాతదేనని తేలడం మామూలే. అదీ వృథా కాదు, ఆ జాతి ఈ నేలలోనూ ఉందని రుజువవుతుంది.

ఈ పని మన తీరంలో పాతదే. 1781లో సామర్లకోట చేరిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. తెలుగువాళ్లు పిలిచే పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథం మూడు సంపుటాల్లో 300 చిత్రాలున్నాయి. నిజాంపట్నం ఇసుక నేలల నుంచి ఒకప్పుడు అద్దకం పనివాళ్లకు ఎర్రరంగు ఇచ్చిన చిరివేరు మొక్క బొమ్మ మొదటి సంపుటంలోనే ఉంది. 1960లలో జె.ఎల్.ఎల్లిస్ నల్లమలంతా తిరిగి, మన నేలవేముకు దగ్గరి చుట్టమైన ఒక మొక్కను ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా పేరుతో లోకానికి తెలిపాడు. 2013లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.ప్రసాద్, బి.రవిప్రసాదరావు అదే కొండల నుంచి బ్రాకిస్టెల్మా నల్లమలయానాను వర్ణించారు. ఈ ప్రజాతి మొక్కలకు నేలలో దుంప ఉంటుంది. తొలకరి పడ్డాక గడ్డిలోంచి సన్నటి కాడ లేచి, చిన్న పూలు పూసి, కొన్నాళ్లకే మాయమవుతుంది. ఆ కొద్ది రోజుల్లో అక్కడ తిరిగినవాళ్లకే దొరుకుతుంది. అడవిలో పెంటలనే చిన్న గూడేల్లో ఉండే చెంచులకు ఏ దుంప ఎప్పుడు మొలుస్తుందో ముందే తెలుసు. మా మాస్టారు వాళ్లను అడక్కుండా కొండెక్కలేదు.

పేరు పెట్టడానికీ నియమాలున్నాయి. 1958 నుంచి ప్రతి కొత్త జాతి పేరుకూ ఒక ప్రమాణ నమూనా చూపించి తీరాలి. ఆ నమూనాగా ఎంచిన ఒక్క షీటే హోలోటైపు. వందేళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే ఆ షీటునే తీసి చూస్తారు. వర్ణన లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉండవచ్చని 2012 జనవరి 1 నుంచి ఒప్పుకున్నారు. మన భాషలో రాసిన వర్ణన ఇంకా చెల్లదు. నాకది బాధగానే ఉంది.

నల్లమలకు పులుల అభయారణ్యమన్న కాపలా ఉంది. గట్లకు ఎవరున్నారు? మాస్టారు తిరిగిన రోజుల్లో మిరప చేల గట్ల మీద తుమ్మి, గలిజేరు, వాయింట, ఉత్తరేణి పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు కలుపు మందు కొట్టిన గట్టు ఎండిన గడ్డితో మాడి ఉంటుంది, వదిలేసిన చోట వయ్యారిభామ కమ్ముకుంటుంది. కూలి దొరకని రైతును నేను తప్పుపట్టను. కానీ ఆ గట్టు మీద నిరుడు ఏముందో చెప్పే షీటు లేకపోతే, ఈ ఏడు ఏం పోయిందో చెప్పేవాళ్లుండరు. కొత్త మొక్క కోసం అందరూ కొండ వైపే చూస్తారు. పాత మొక్కల లెక్క లేకుండా కొత్తదాన్ని గుర్తుపట్టడం అసాధ్యమని నేను మోసిన ప్రతి కట్టా చెబుతోంది.

డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్న పిల్లలారా, అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తుంచకండి. మీ ఊరి గట్టుకు ఆ అనుమతి అక్కర్లేదు, ఆ రైతును ఒక్కమాట అడిగితే చాలు. ఎక్కువగా ఉన్న మొక్కనే తీయండి, ఒక్కటే ఉంటే ఫొటోతో వదిలేయండి. ఊరు, తేదీ, పువ్వు రంగు రాయండి. ఎండబెట్టి మీ కాలేజీ హెర్బేరియంలో ఇవ్వండి. ఈ తొలకరికే మొదలుపెట్టండి.