తోక పిచ్చి

మా తుమ్మలపల్లెలో యురేనియం అనే మాట తెలియనివాళ్లు లేరు. దాని తోక మీద ధ్యాస మాత్రం నాకొక్కడికే. ఇంట్లో దీన్ని జబ్బు కింద జమకట్టినారు.

1789లో బెర్లిన్‌లో క్లాప్రోత్ ఆ పదార్థాన్ని కనిపెట్టి, అంతకు ఎనిమిదేళ్ల కిందట బయటపడిన యురేనస్ గ్రహం పేరు పెట్టినాడు. చివరనున్న ‘అం’ లాటిన్ నపుంసకలింగం. సంస్కృతం మనకిచ్చిన ఫలం, పుస్తకం చివరిదీ దానికి దాయాదే. అందుకే బడి మొహం చూడని మా అవ్వ కూడా ‘పుస్తకానికి’ అన్నంత సులువుగా ‘యురేనియానికి’ అంటుంది. 1807లో డేవీ సోడా నుంచి సోడియం, పొటాష్ నుంచి పొటాషియం తీసినాక, కొత్త లోహం ఏది దొరికినా ‘ఇయం’ తగిలించడం ఆనవాయితీ అయింది. మా ఊరి రాయి డోలమైటు. అందులో కాల్షియం, మెగ్నీషియం. దాంట్లోంచి యురేనియం లాగడానికి సోడియం కార్బొనేటు. ఇన్ని ఇయంల నడుమ కాపురముండి నోరు మూసుకునేదెట్లా?

“నాయనా, స్టేడియం గూడా లోహమేనా?” అన్నాడు మావాడు. కాదురా, అది గ్రీకుల దూరం కొలత అని మొదలుపెట్టి తల ఎత్తేసరికి వాడు వీధి చివర ఉన్నాడు.

దొరికేది మా ఇంటామె ఒక్కతే, అదీ సంగటి కెలుకుతూ కదల్లేనప్పుడు. ఆ పూట హీలియం ఎత్తుకున్నాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడను ఫ్రాన్సు నుంచి జాన్సెన్ మన గుంటూరుకు వచ్చినాడు. ఆ ఏడే సూర్యుడి వెలుగులో సోడియానికి చెందని పసుపు గీతొకటి తేలింది. ఇంగ్లండులో లాకియర్ దాన్ని కొత్త లోహమనుకొని, గ్రీకు సూర్యుడు హీలియోస్ పేరుకు ఇయం చేర్చినాడు. 1895లో రామ్సే చేతికి చిక్కినాక చూస్తే వాయువు! చిక్కింది కూడా యురేనియం ఖనిజంలోనే. దాని జాతి వాయువులు ఆర్గాన్, నియాన్, క్రిప్టాన్ అన్నీ ‘ఆన్’లయితే, ఇదొక్కటే లోహం తోకతో మిగిలిపోయింది.

తెడ్డు ఆపి ఆమె నా వైపు తిరిగింది. “మా నాయన గూడా అట్లే సామీ. గట్టి లోహమనుకొని పిల్లనిచ్చినాడు. ఈడికొచ్చి చూస్తే అంతా గాలి.”

“గాలి అనగూడదు, జడవాయువు” అని సవరించినాను.

“జడమా? అదీ నిజమేలే” అని సంగటి ముద్ద చేసుకుంది.