నేను మూడో ఎడిషన్‌ని

నేను ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌ని. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి రూల్స్ పుస్తకాన్ని, మూడో ఎడిషన్‌ని. 2000 ఆగస్టులో అమెరికాలో విడుదలయ్యాను. ఇప్పుడు ఉంటున్నది చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో, ఒక తెలుగువారింటి అటక మీద. నా కింద విరిగిన ఫ్యాను రెక్కలు. నా మీద ఖాళీ చీరల పెట్టెలు. ఈ ఇంటివాళ్లది ఎం.సి. రోడ్డులో బట్టల కొట్టు.

నా అట్ట పాతకాలపు తోలు గ్రంథంలా, లోహపు బిళ్లలూ రంగురాళ్లూ పొదిగినట్టు కనిపిస్తుంది. ఈ ఇంటి అబ్బాయి అమెరికాలో ఉన్న మేనమామ చేత నన్ను తెప్పించుకున్నాడు. వచ్చిన రోజున ఆ రాళ్లని వేలితో తడిమి, బొమ్మే అని తెలిశాక కూడా మురిసిపోయాడు.

సాయంత్రాలు మేడ మీద నలుగురైదుగురు స్నేహితులు చేరేవాళ్లు. ఒకడు డంజన్ మాస్టర్‌గా కథ నడిపేవాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర: కత్తివీరుడు, మంత్రగాడు, దొంగ. తలపెట్టిన పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేల్చేది. కింద నుంచి అమ్మమ్మ పిలిచేది: “అన్నాలకి రండిరా! ఆ రాక్షసుడు రేపటిదాకా ఎక్కడికీ పోడు.”

ఈ ఆటని మొదట గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. 1974లో టీఎస్ఆర్ సంస్థ వెయ్యి పెట్టెలు అచ్చేయించింది. 1977లో అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలైంది, 1989లో దాని రెండో ఎడిషన్ వచ్చింది. వాటిలో కవచం గట్టిపడేకొద్దీ దాని అంకె తగ్గేది, సున్నా కిందికి కూడా దిగేది. రెండో ఎడిషన్‌లో దెబ్బ తగిలిందో లేదో తెలియాలంటే తీసివేతలు చెయ్యాల్సి వచ్చేది. ఆ తిరకాసు నేను వచ్చాకే పోయింది. పాచిక వెయ్యి, నీ బలం కలుపు, ఎదుటివాడి కవచం అంకెని అందుకుంటే దెబ్బ తగిలినట్టే. మేడ మీద పిల్లలు మొదటిరోజే ఈ లెక్క పట్టేశారు. నా జన్మకి అది చాలు అనుకున్నాను.

2003లో నా సవరించిన రూపం, 3.5 ఎడిషన్, వచ్చింది. దిద్దాల్సినవి నాలో ఉన్నమాట నిజమే. నాలోని హేస్ట్ మంత్రం వేసుకున్న మంత్రగాడు ఒకే వంతులో రెండు మంత్రాలు వేసేవాడు, పక్కవాళ్లు చూస్తూ కూర్చునేవాళ్లు. రేంజర్ పాత్రకి మంచి శక్తులు చాలావరకు మొదటి మెట్టులోనే దక్కేవి, ఆపైన ఎదగడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. ఈ రెండింటినీ 3.5 సరిచేసింది. ఇలాంటి లోపాలు వేలమంది ఏళ్ల తరబడి ఆడితేగానీ బయటపడవు. కొత్త ఎడిషన్‌కి ఇది న్యాయమైన కారణం.

రెండో కారణం డబ్బు. పంచాంగం ఏడాది తిరిగితే చెల్లదు, కొత్తది కొనక తప్పదు. నేను అలా కాదు. ఒక్కసారి కొంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఏళ్ల తరబడి సరిపోతాను. విడుదలైనప్పుడు అందరూ కొంటారు, తరవాత అమ్మకాలు పడిపోతాయి. అనుబంధ పుస్తకాలు వేస్తే అవి కొనేవాళ్లు ఇంకా తక్కువ. 1990లలో టీఎస్ఆర్ ఒకే ఆటకి అనేక కథాలోకాలు అచ్చేసింది. ఒక లోకం పుస్తకాలు కొన్నవాళ్లలో చాలామంది ఇంకో లోకం జోలికి పోలేదు. అప్పుల్లో కూరుకుపోయిన ఆ సంస్థని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుక్కుంది. కొత్త యజమాని మూలగ్రంథంతోనే మళ్లీ మొదలుపెట్టాడు, అలా నేను పుట్టాను. ఇంకొకరి ఎడిషన్ పాతబడ్డందుకే నాకు జన్మ దక్కింది గనక, ఆ పద్ధతిని తిట్టే హక్కు నాకు లేదు.

నా బాధల్లా ఈ ఇంటివాళ్ల మీదే. 3.5 చేతికొచ్చిన రోజున అబ్బాయి నన్ను బల్ల మీంచి తీసేశాడు. నా వెనక అట్టలో పాత్రలు తయారుచేసుకునే సీడీ ఒకటి ఉండేది. దాన్ని పావురాలు రాకుండా బాల్కనీలో వేలాడగట్టారు. చివర ఉన్న పాత్ర పట్టికని చింపి కొట్టు లెక్కలు రాసుకున్నారు. ఒకసారి పాత పేపర్లతో పాటు తూకానికీ వేశారు. ధర కుదరక మళ్లీ అటకెక్కించారు. నా పేజీల్లో పిల్లలు పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. అవి ఎవరివో అడిగే దిక్కు లేదు.

బయటి లోకం నన్ను అంతగా మరిచిపోలేదు. నాతోపాటు 2000లోనే ఓపెన్ గేమ్ లైసెన్స్ వచ్చింది, నా మూలసూత్రాలని ఎవరైనా వాడుకోవచ్చని చెప్పింది. 2008లో నాలుగో ఎడిషన్ చాలామందికి రుచించలేదు. మరుసటి ఏడాది పైజో సంస్థ ఆ లైసెన్స్ ఆధారంగా, 3.5 సూత్రాల మీద పాత్‌ఫైండర్ అనే ఆటని తెచ్చింది. 2014లో ఐదో ఎడిషన్ వచ్చే ముందు ముసాయిదా రూల్స్‌ని ఆటగాళ్ల చేత ఆడించి, వాళ్ల అభిప్రాయాలు అడిగారు. ఆ ఎడిషన్‌నే 2024లో మళ్లీ సవరించారు. ఇలాంటిదే మరో ఆట, కేయోసియం సంస్థ వాళ్ల కాల్ ఆఫ్ కథుల్హూ, 1981 నుంచి ఏడు ఎడిషన్లు చూసింది. అయినా దాని పాత కథల్ని కొద్ది మార్పులతో ఇవాళ్టికీ ఆడుకోవచ్చు. పాతవాళ్లని వదలకుండా కొత్తవాళ్లని పిలవడం సాధ్యమేనని ఆ ఆట చూపించింది.

కొత్త ఎడిషన్ తేవడం ప్రచురణకర్తకి బతుకుతెరువు. కొనాలా వద్దా అన్నది మాత్రం బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల ఇష్టం. వాళ్లు ఆడుతున్నంత కాలం ఏ ఎడిషన్‌కీ కాలం చెల్లదు. మీ అటక మీద నాలాంటి పుస్తకం ఉంటే దయచేసి తూకానికి వెయ్యకండి. మీ వీధిలో ఈ ఆట మీద ఆసక్తి ఉన్న పిల్లలకి ఇవ్వండి. కొత్తది కొనే స్తోమత వాళ్లకి లేకపోయినా, నాలో ఉన్న రూల్స్‌తో ఈ సాయంత్రమే ఆట మొదలుపెట్టుకోగలరు.