బండి బంగారమే!

అమెరికాలో పాత సుబారు అవుట్‌బ్యాక్ కారు ఉన్నవాణ్ణి కదిపి చూడండి. ‘రెండు లక్షల మైళ్లు తిరిగింది, ఒక్కనాడూ మొరాయించలేదు’ అంటాడు.

మరి ఆ 2.5 లీటర్ల ఇంజిన్‌లో హెడ్ గాస్కెట్ కారడం?

‘అది మామూలే, మార్పించేశా.’

వీల్ బేరింగులు?

‘అవీ మామూలే.’

ఇక చెడిపోవడమంటే ఏమిటో!

ఆల్ వీల్ డ్రైవ్ కదా, నాలుగు చక్రాలదీ ఉమ్మడి కుటుంబం. అరిగిన టైర్లలో ఒకటి చీలితే తక్కిన మూడూ మార్చమంటాడు మెకానిక్. చుట్టుకొలతల్లో తేడా వస్తే లోపలి క్లచ్ వేడెక్కి పాడవుతుందట. నిజమే, కాదనలేం.

ఇదంతా మంచులో పట్టు కోసమట. కానీ డల్లాస్‌లో మంచు పడేదే అరుదు. పడిన రోజున మనవాళ్లు గడప దాటరు. అయినా నాలుగు చక్రాలూ లాగాల్సిందే. ఇండియన్ స్టోర్ ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కాలి మరి!