విలేకరి పుట్టకుండా స్కాలర్‌షిప్ ఇవ్వడం ఎలా?

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ ఒకే రోజు, 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లొచ్చాయి, ఎస్పీ ఆఫీసులొచ్చాయి, పేపర్లలో జిల్లా పేజీలొచ్చాయి. ఇప్పుడు దాతల వంతు. డిగ్రీ పిల్లలకు జర్నలిజం నేర్పిస్తాం, స్కాలర్‌షిప్పులిస్తాం అంటూ డల్లాస్ నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఇద్దరు, లోకల్‌గా రియల్ ఎస్టేట్‌లో పైకొచ్చినవాళ్లు నలుగురు బయల్దేరుతున్నారు. ఉత్సాహం మంచిదే. కాకపోతే ఏమరుపాటుగా ఉంటే డబ్బు నిజంగానే పిల్లలకు చేరుతుంది. చేరితే వాళ్లు నిజంగానే విలేకరులవుతారు. అయినవాళ్లు మొట్టమొదటి ప్రశ్న మిమ్మల్నే అడుగుతారు. ఆ గండం తప్పించుకునే దారులివి.

ముందు చరిత్ర నుంచి ఒక హెచ్చరిక. మానుకోట, అంటే మహబూబాబాద్, దగ్గరి ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, 1922లో తెనుగు పత్రిక పెట్టారు. నిజాం రాజ్యం, అందులో ఒక పల్లెటూరు. ఊళ్లోనే ప్రెస్సు పెట్టుకుని రాయడం, అచ్చు వేయడం అన్నీ వాళ్లే చూసుకున్నారు. ముఖ్య అతిథి లేడు, శాలువా లేదు. చూసేవాళ్లు లేకపోతే పిల్లలు ఎంతదాకా పోతారో గమనించారా? అందుకే మీ అవసరం ఉంది.

1. పేరు ముందు, పైసలు వెనక. స్కాలర్‌షిప్‌కు మీ నాన్నగారి పేరు పెట్టండి. ఆయన జీవితంలో పేపరు చదవలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇరవై మందికి తలా అయిదు వేలు అనుకోండి. ప్రెస్ నోట్‌లో మాత్రం ‘లక్ష రూపాయల స్కాలర్‌షిప్’ అనే రాయండి. అబద్ధం కాదు, కూడికే. తలుపంత థర్మాకోల్ చెక్కు చేయించి ఒక్క పిల్లాడి చేతికివ్వండి. ఫోటో అయ్యాక వెనక్కి తీసుకోవడం మరవకండి, వచ్చే ఏడు పనికొస్తుంది. అసలు చెక్కు సంగతి అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అనండి. ఈ మాటకు గడువు తేదీ లేదు.

ఫ్లెక్సీ మీద షోయబుల్లాఖాన్ బొమ్మ వేయించండి, నిండుగా ఉంటుంది. ఇమ్రోజ్ సంపాదకుడు, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చెయ్యి నరికి చంపారు. ఈ రెండో వాక్యం మాత్రం సభలో చెప్పకండి. పిల్లలు ఎందుకు, ఏమిటి అని మొదలుపెడతారు. బొమ్మ పక్కన మీ బొమ్మ రెండింతలు ఉండాలి.

2. దరఖాస్తును వడపోతగా వాడండి. ప్రకటన ఇంగ్లిషులో ఉండాలి. కాలేజీ నోటీసు బోర్డులో అద్దం వెనక, తాళం లోపల పెట్టించండి. కులం, ఆదాయం, నివాసం, బోనఫైడ్, ఆధార్, పాస్‌బుక్, గెజిటెడ్ సంతకం అన్నీ అడగండి. ఆదాయ ధ్రువపత్రం నెల రోజుల లోపుదే కావాలనండి. మీ సేవకు రెండుసార్లు తిరిగేసరికి సగంమంది రాలిపోతారు. సర్కారు స్కాలర్‌షిప్‌కు ఊళ్లలోని బీసీ కుటుంబానికి ఏడాదికి లక్షన్నర ఆదాయం దాకా ఒప్పుకుంటారు. మీరు లక్ష దగ్గరే ఆపండి, ‘నిజమైన పేదలకే’ అని గొప్పగా చెప్పుకోవచ్చు.

ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదింటికి పెట్టండి. జనగామ పిల్లాడు రైలెక్కి ఎలాగో వచ్చేస్తాడు, వాడితో జాగ్రత్త. భూపాలపల్లికి రైలు లేదు. అక్కడి పిల్లకు అర్ధరాత్రి లేచి బస్సు వెతుక్కోవడంతోనే ఓపిక అయిపోతుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యం: వాళ్లు రాసినవి మాత్రం అడగకండి. ఎవరైనా వార్త రాసి పంపితే ‘ఫార్మాట్‌లో లేదు’ అని తిప్పి పంపేయండి.

3. ఎంపిక కమిటీలో మీ బావమరిదిని, ఫ్లెక్సీలు వేసేవాణ్ణి, ఎవరి మాటకూ అడ్డు చెప్పని రిటైర్డు లెక్చరర్ గారిని పెట్టుకోండి. మీ పుట్టినరోజున వాట్సాప్ స్టేటస్ పెట్టినవాడికి మొదటి ర్యాంకు. ఖర్మకాలి ఆడపిల్లకు ఎక్కువ మార్కులొస్తే వాళ్ల నాన్నకు ఫోన్ కొట్టండి: “అన్నా, రాత్రిపూట తిరగాల్సి ఉంటది మరి, ఆలోచించుకో.” ఇక కమిటీ అక్కర్లేదు, మిగతా పని ఇంట్లోవాళ్లే పూర్తి చేస్తారు.

4. ఎవడైనా తెలివిగలవాడు ‘సార్, ఉస్మానియాల జర్నలిజం సీటొచ్చింది, ఫీజు కట్టండి’ అంటే కంగారు పడకండి. అక్కడ 1954 నుంచి చెబుతూనే ఉన్నారు, దేశం ఏం బాగుపడిందని అడగండి. వాడు తడబడతాడు. ఆ సందులో ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించండి.

5. శిక్షణ తరగతి ఒక్కరోజు చాలు. పదింటికి అని వేసి పన్నెండున్నరకు మొదలుపెట్టండి. వక్తలు తొమ్మిదిమంది ఉంటే పిల్లలకు ప్రశ్నలడిగే టైము దక్కదు. బోధించాల్సింది ఒక్క మాటే: ‘ఘనంగా’. జయంతి అయినా వర్ధంతి అయినా, మరుగుదొడ్డి ప్రారంభమైనా ఘనంగానే జరగాలి. ఫోటోలో ఒక నోటుబుక్కును పద్నాలుగు మంది పట్టుకోవాలి, తీసుకునే పిల్లాడు కనబడకపోయినా పరవాలేదు. ఫోటో కింద పద్నాలుగు పేర్లూ హోదాలతో తప్పు లేకుండా రాయించడమే పరీక్ష.

పొరపాటున కూడా సమాచార హక్కు చట్టం ఊసెత్తకండి. 2005 నాటి ఆ చట్టం కింద గ్రామ స్థాయిలో ఉత్తపుణ్యానికి, మండలంలో అయిదు రూపాయలకు, ఆపైన పది రూపాయలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చాయ్ పైసలతో ఇంత పని జరుగుతుందని తెలిసిన పిల్లలు ఇక మీ మాట వింటారా?

ఎక్కడికి తీసుకెళ్లాలన్నది కూడా ఆలోచించే చేయాలి. మేడిగడ్డ వద్దు. 2023 అక్టోబరులో అక్కడ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి, ఎందుకని అడుగుతారు. కేసముద్రం మార్కెట్ అసలే వద్దు, కాంటా పక్కన నిలబడి తూకం చూస్తారు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గని దగ్గర దుమ్ము వస్తుంది, దుమ్ముతోపాటు చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ వచ్చి మాట్లాడతారు. హాయిగా ఫిలిం సిటీకి బస్సు పెట్టండి. ‘మీడియా అధ్యయన యాత్ర’ అని బ్యానర్ కట్టండి.

6. రాసిన ముక్కను దిద్దడంలోనే మీ పనితనం తెలుస్తుంది. హాస్టల్ పిల్ల ఒకతె గోడ పత్రికకు రాసుకొచ్చిందనుకోండి: ‘మెనూ బోర్డు మీద వారానికి నాలుగు గుడ్లు. గత వారం పెట్టింది ఒకటి.’ చింపేయకండి, అది మొరటు పని. “మంచిగ రాసినవ్ బిడ్డా, కొంచెం పాజిటివ్‌గ రాయి” అనండి. మొదట ‘ఒకటి’ తీసేయించండి, అంకెలు చదువరిని విసిగిస్తాయి. తర్వాత ‘గత వారం’ పోవాలి, వార్త ఎప్పుడూ తాజాగా ఉండాలి కదా. వార్డెన్ వివరణ కావాలనండి, వార్డెన్‌ను ఊరికి పంపండి. ఆఖరికి మిగిలేది: ‘హాస్టల్లో మెనూ బోర్డు. వారానికి నాలుగు గుడ్లు.’ దీనికి ‘విద్యార్థినులకు పౌష్టికాహారం’ అని హెడ్డింగ్ పెట్టి ఆ పిల్లకే బైలైన్ ఇవ్వండి. మళ్లీ రాయదు.

7. ఇంటర్న్‌షిప్ అంటే యాడ్లు తేవడం. 1989లో ఈనాడు జిల్లా పేజీలు తెచ్చాక మండలానికో విలేకరి కావాల్సొచ్చాడు. ఆ మనిషికి జీతం ఎలా అన్న లెక్క నేటికీ చాలాచోట్ల తెగలేదు: అచ్చయిన లైన్లను బట్టి ఇచ్చే లైన్ అకౌంటు కొంత, యాడ్ కమీషన్ కొంత. ఇంత గొప్ప సంప్రదాయాన్ని మీరెందుకు చెడగొట్టాలి? బండికి ప్రెస్ స్టిక్కర్, మెడలో కార్డు ఇచ్చి డిపాజిట్ తీసుకోండి. సంక్రాంతికి, ఉగాదికి, నాయకుడి పుట్టినరోజుకు టార్గెట్ పెట్టండి. సర్పంచి దగ్గర యాడ్ తీసుకున్న పిల్లాడు సర్పంచి మీద వార్త రాయడు. ఈ చదువు ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు.

8. రెండో విడత ఇవ్వకండి. “పైసలెప్పుడు పడతయ్ అన్నా?” అంటే చెప్పడానికి సాకులు దగ్గర పెట్టుకోండి: ఆడిట్, డాలర్ రేటు, ఎన్నికల కోడ్, ట్రస్టీకి మోకాలి ఆపరేషన్. కోడ్ అన్నిట్లో మేలు, ఏదో ఒక ఎన్నిక ఉండనే ఉంటుంది. బకాయిలెలా పెట్టాలో సర్కారును చూసి నేర్చుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే తాళాలేసుకుని బంద్‌కు దిగాయి. మీ దగ్గర బాకీ ఉన్నది ఇరవైమంది పిల్లలు, వాళ్లకు వేయడానికి తాళం కూడా లేదు.

9. ఇన్ని చేసినా ఒక్కోసారి ఎక్కడో ఒక పిల్ల మొలుస్తుంది. సొంత ఫోను, మీ సభలో ఇచ్చిన పెన్నే పట్టుకుని తిరుగుతుంది. మీ వెంచర్‌లో చెరువు శిఖం ఎంత కలిసిందో పహాణీ తీసి మరీ రాస్తుంది. లాయర్ నోటీసు తర్వాత ఇవ్వొచ్చు, ముందు పాత ఫోటో వెతకండి. థర్మాకోల్ చెక్కు పక్కన ఆమె నిలబడి ఉంటుంది. ‘మా స్కాలర్‌షిప్ విద్యార్థిని ప్రతిభ’ అని స్టేటస్ పెట్టండి. కింద మాత్రం మీ వెంచర్ ఫోన్ నంబరు వేయకండి.

ఈ చిట్కాలన్నీ చదివి, మన జిల్లాలో ఇలాంటి స్కాలర్‌షిప్ ఉంటే మా పిల్లకు అప్లయ్ చేయిద్దామనుకునే తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఏటి గడువు నిన్నటితో అయిపోయింది. ప్రకటన ఇచ్చాం, తాళం లోపలే ఉంది.